లెక్చరరప్ప వేసిన కమిటీ

పర్మిషన్ లేకుండా పనులు చేసేవాళ్ళు నా ఉద్యోగంలో రోజూ తగులుతూనే ఉంటారు. వాళ్ళతో నాకు పేచీ లేదు. అడిగితే తల గోక్కుంటారు, రెండు అబద్ధాలు చెబుతారు, మనం నాలుగు మాటలంటాం, వాళ్ళు పోతారు, మనం అన్నం తింటాం. పర్మిషన్ ఇవ్వమని నా వెంటపడి, కుప్పం నుంచి మదనపల్లెకూ, మదనపల్లె నుంచి పుంగనూరుకూ నా బదిలీలతో పాటు తానూ తిరిగిన మనిషిని మాత్రం ఒక్కణ్ణే చూశాను. మొన్న ఆయన భార్య రత్నమ్మ ఫోన్ చేసింది. ఆయన పోయాడట. పెద్దకర్మ కూడా అయిపోయిందట.

"ఇంటి నిండా జనాలు సారూ, మీకు సెప్పాలని తోచలా" అంది. ఆ వెంటనే, గొంతు మార్చకుండానే, "ఫ్రిజ్జులో గుడ్లుండాయి. మీకు సెప్పకుండా పారేయద్దని సెప్పిపోయినాడు. ఎప్పుడొస్తారు?" అంది.

పోయినవాళ్ళ మీద విసుక్కోకూడదంటారు. నేను విసుక్కున్నాను. పోయి కూడా నాకు పని పెట్టాడు మహానుభావుడు.

ఆ గుడ్లు కోడిగుడ్లు కావు, పట్టుపురుగు గుడ్లు. ఆవగింజలో సగం ఉంటాయి. ఆయన కుప్పంలో ఒక ప్రైవేటు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాడు. గుడుపల్లె దగ్గర సొంతూళ్ళో మల్బరీ తోట, పట్టుపురుగుల షెడ్డు ఉండేవి. ఊరంతా లెక్చరరప్ప అనేవాళ్ళు. ఆ పేరు ఊరికే రాలేదు. దారిన పోయేవాణ్ణి నిలబెట్టి, వాడి భుజాన ఉన్న మేకపిల్ల చెవి మీద మచ్చ ఏ తాతనుంచి వచ్చిందో చెప్పందే వదిలేవాడు కాదు.

నేను కుప్పంలో పట్టురైతుల పని చూసే చిన్న ఆఫీసరుగా ఉన్నప్పుడు మొదటిసారి వచ్చాడు. ఆఫీసు తలుపు దగ్గర చెప్పులు విడిచి, బయట కుళాయి కింద కాళ్ళు కడుక్కొని మరీ లోపలికొచ్చాడు. పట్టుపురుగుల షెడ్డులో అది ఆచారం. బయటి మట్టితో రోగం లోపలికొస్తుందని గడప దగ్గర సున్నమూ బ్లీచింగ్ పౌడరూ కలిపిన పళ్ళెం పెడతారు. అందులో కాళ్ళు పెట్టందే వియ్యంకుణ్ణయినా రానివ్వరు. ఈయన ఆ ఆచారాన్ని షెడ్డు దాటించి ఊళ్ళు పట్టుకు తిరిగేవాడు. ఎంత కడిగినా మడమ పగుళ్ళలో పేరుకున్న సున్నం పోదు. తడి ఆరేసరికి తలుపు నుంచి నా టేబుల్ దాకా తెల్లటి అడుగులు తేలాయి. అప్పుడే గది తుడిచిన అటెండరు ఆ అడుగుల వంకా నా వంకా చూసి, నోట్లో ఏదో గొణుక్కుంటూ మళ్ళీ బకెట్ తేవడానికి పోయాడు. తర్వాత నేను పనిచేసిన ప్రతి ఆఫీసులోనూ అటెండర్లు ఆయన్ను మొహం చూసి గుర్తుపట్టలేదు, నేల చూసి గుర్తుపట్టారు.

"నేనొక తప్పు చేసినానప్పా" అన్నాడు కూర్చుంటూనే. "రూలు తెలీక చేసినా. తెలిసినాక నీకాడికి వచ్చినా. కేసు రాసుకో."

ఏ చింతచెట్టు కొట్టించాడో, ఎవరి పొలం పక్కన బోరు వేశాడో అనుకున్నాను.

"పురుగు జీన్ మార్చినా" అన్నాడు.

పట్టురైతును నడిబజార్లో నిలబెట్టే రోగం పాలరోగం. అది తగిలితే పురుగు ఉబ్బి, చర్మం పగిలి, తెల్లగా పాలు కారి చచ్చిపోతుంది. ఒక్క పురుగు కారితే తట్టంతా అంటుకుంటుంది. ఆ రోగం రాని పురుగును తయారు చేయాలని ఈయనకు పట్టుకుంది. బెంగళూరులో కొందరు కుర్రాళ్ళు ఒక గ్యారేజీ అద్దెకు తీసుకొని, ఎవరైనా వచ్చి జన్యువుల పని నేర్చుకోవచ్చని లాబ్ పెట్టుకున్నారట. రిటైరైన లెక్చరర్ అక్కడికి పోయి, మనవళ్ళ వయసు వాళ్ళ పక్కన కూర్చొని నేర్చుకున్నాడు. కిట్టు తెప్పించాడు. పశువుల కొట్టం పక్కగదిలో మైక్రోస్కోపు పెట్టి, వెంట్రుకంత గాజుసూదితో గుడ్లలోకి మందు ఎక్కించాడు. సామాన్లు ఉడకబెట్టడానికి రత్నమ్మ కుక్కర్ పోయింది, ఇడ్లీపాత్ర పోయింది. గుడ్లలో చాలావరకు చచ్చాయి. బతికినవాటిని పెంచి, గుడ్లు పెట్టించాడు.

ఇంతా అయ్యాక తీరిగ్గా రూల్స్ చదివాడు. చదివితే తేలిందేమంటే, ప్రాణమున్నదాని జన్యువులు పర్మిషన్ లేకుండా ఇంట్లో మార్చకూడదు, పెంచకూడదు, బయటికి ఇవ్వకూడదు. మరొకడైతే ఆ పుస్తకం మూసి గుడ్లు పొయ్యిలో వేసేవాడు. లేదా గుడ్లు దాచిపెట్టి పుస్తకం పొయ్యిలో వేసేవాడు. ఈయన నా దగ్గరికొచ్చాడు.

"జీన్ మారిందని మీకెట్ల తెలుసు సార్?" అన్నాను.

"తెలీదు. తెలియాలంటే పరీక్ష చెయ్యాల. పరీక్ష చేసేవాళ్ళు పర్మిషన్ తెమ్మంటాండారు. నువ్వియ్యి."

"నేనివ్వలేను సార్. నా చేతిలో లేదు."

"అట్లయితే కేసు రాయి."

"అదీ నా చేతిలో లేదు."

"రెండూ లేకపోతే ఈ కుర్చీలో యాల కూర్చోనుండావప్పా?" అన్నాడు. ఎగతాళికి అనలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. ఒళ్ళు మండేది అక్కడే.

పట్టుపురుగు వేల ఏళ్ళుగా మనుషుల చేతిలో పెరిగి పెరిగి తన బతుకు తాను బతకడం మరిచిపోయిన జీవి. గూడు చీల్చుకొని బయటికొచ్చిన సీతాకోకకు రెక్కలుంటాయి గానీ ఎగరలేదు. ఆ మాటే పట్టుకొని వదిలించుకుందామని చూశాను. "ఎగరలేని పురుగు ఎక్కడికి పోతుంది సార్? నీళ్ళు కాచి పోసి మరిచిపోండి" అన్నాను.

"ఎగరలేదప్పా. మోస్తారు. మనోళ్ళు యేదైనా మోస్తారు" అన్నాడు.

"మరి చంపెయ్యండి."

"ఎవరికీ సెప్పకుండా చంపితే దొంగనవుతా. దాంట్లో మంచి ఉంటే మంచి పోతాది, చెడుంటే చెడు తెలీకుండా పోతాది. ఎవురో ఒకరు సూసి, ఉంచు అనాల, లేదంటే చంపు అనాల. నాకు నేనే అనుకుంటే ఎట్ల?"

సరే, పైకి రాశాను. పైవాళ్ళు ఇంకా పైకి రాశారు. కొన్ని నెలలకు ఒక ప్రశ్న దిగి వచ్చింది: దరఖాస్తుదారు వ్యక్తియా, సంస్థయా? ఆ రూల్స్ పెద్ద పెద్ద లాబుల్ని, కంపెనీల్ని మనసులో పెట్టుకొని రాసినవి. పశువుల కొట్టం పక్కగది సంగతి వాటిలో లేదు. సంస్థ అయితే దానికి సొంతంగా జాగ్రత్తలు చూసే కమిటీ ఉండాలి, అందులో బయటి మనిషి ఒకరు ఉండాలి.

నేను ఆ కాగితం చూపించి, ఇక ఈ పీడ విరగడైందనుకున్నాను. ఆయన మొహం వెలిగిపోయింది.

పదిహేను రోజుల్లో కమిటీ వేసేశాడు. అధ్యక్షుడు తాను. సభ్యురాలు రత్నమ్మ. బయటి సభ్యురాలు ఎదురింటి రెడ్డెమ్మ. మొదటి మీటింగుకు ప్రభుత్వం తరఫున చూడ్డానికి రమ్మని నన్ను పిలిచాడు. పోకపోతే మళ్ళీ ఆఫీసుకొస్తాడు, అందుకని పోయాను. వసారాలో రాగి మురుకులు, టీ. రెడ్డెమ్మ మల్బరీ తోటలోంచి నేరుగా వచ్చి, కొంగుకు చేతులు తుడుచుకొని కూర్చుంది. ఆమెకూ షెడ్డుంది. మొగుడు లేడు, తోటా పురుగులూ తానే చూసుకునేది. అధ్యక్షుడు లేచి నిలబడి క్లాసులో చెప్పినట్టే మొదలుపెట్టాడు.

"కమిటీలో ఏదైనా ముగ్గురం కూర్చోని తేల్చాల. ముగ్గురూ ఒకటనకపోతే ఇద్దరు అనిందే మాట. దాన్ని మెజారిటీ అంటారు. ఈడ మాట్లాడింది బయట మాట్లాడగూడదు."

"మాట్లాడేదానికి ఏముండాదప్పా ఈడ" అంది రెడ్డెమ్మ మురుకు కొరుకుతూ.

"ఆ రూములోకి కాళ్ళు కడగకుండా పోతే నన్ను గూడా ఆపాల మీరు."

"నిన్ను ఆపేదానికి నాకు కమిటీ యాల? నా కుక్కర్ తెచ్చి నాకియ్యి, సాలు" అంది రత్నమ్మ.

ఆ మాట ఆయన మినిట్స్‌లో రాసుకున్నాడు.

ఆ గుడ్లలో కొన్నిటిని ఏడాదికొకసారి ఫ్రిజ్జులోంచి తీసి, విడిగా ఒక గదిలో దోమతెర కట్టి పెంచి, మళ్ళీ గుడ్లు పెట్టించి ఫ్రిజ్జులో పెట్టేవాడు. ఎందుకంటే పర్మిషన్ వచ్చేనాటికి వంశం మిగలాలి. నన్ను మదనపల్లెకు వేశారు. హమ్మయ్య అనుకున్నాను. బస్సులు మారి మారి మదనపల్లెకు వచ్చేవాడు. వచ్చేటప్పుడు మార్కెట్ దగ్గర ఎవరో పారబోస్తున్న టమోటాలు సంచీడు తెచ్చి నా టేబుల్ మీద పెట్టి, వాటి వంశవృక్షం చెప్పేవాడు. ఈలోగా జిల్లాలు విడగొట్టారు. మదనపల్లె ఒకవైపు పోయింది, కుప్పం ఇంకోవైపు ఉండిపోయింది. "మీ కాగితం నా పరిధిలో లేదు సార్ ఇప్పుడు" అన్నాను సంతోషంగా.

"పరిధి మారిందని పురుక్కు తెలీదు గదప్పా" అని కుర్చీ లాక్కున్నాడు.

అట్లా ఆయన నా ఎదురుగా కూర్చొని ఉన్న ఒక మధ్యాహ్నం రత్నమ్మ ఫోన్ చేసింది. ఆయన ఫోన్ ఎప్పుడూ స్పీకర్లోనే మాట్లాడేవాడు.

"ఆకు సాల్లా" అంది ఆమె. "నీ రూములో పురుగులు నాలుగో జ్వరం లేసినాయి గదా, ఏసింది ఏసినట్లే తినేస్తాండాయి." పురుగు పొర మార్చుకోవడానికి తినడం మాని పడుకుంటే మా వైపు జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచిందంటే ఇక దాని ఆకలికి అంతుండదు.

"తోటలోది కోసి ఎయ్యి" అన్నాడాయన.

"తోటలోది మన షెడ్డుకే సాల్లేదంటాంటే. నువ్వేం దిగులు పడాకు. రెడ్డెమ్మ తోటలో ఆకుండాది. ఆయమ్మకు ఇచ్చేసినా."

ఆకు తక్కువైతే పురుగును ఎండగట్టి చంపరు మా వైపు. ఆకున్న పక్కింటికి ఇచ్చేస్తారు. ఇచ్చినవాళ్ళు అడగరు, పుచ్చుకున్నవాళ్ళు మళ్ళీ ఎప్పుడో తీర్చుకుంటారు. ఆకలిగొన్న పురుగును చూస్తూ ఊరుకుంటే ఇంటికి మంచిది కాదంటారు. తరతరాల మర్యాద అది. ఏ రూల్స్ పుస్తకం రాసినవాడికీ ఆ మర్యాద సంగతి తెలిసి ఉండదు.

ఆయన ఫోన్ పెట్టేసి నా వైపు చూశాడు. "మోస్తారని సెప్పలా?" అన్నాడు.

ఆఫీసు జీపులో గుడుపల్లెకు బయల్దేరాం. నా జిల్లా కాదు, నా పని కాదు, అయినా పోయాను. దారి పొడుగునా ఆ వాగుడుకాయ డ్రైవర్ను తొందరపెడుతూనే ఉన్నాడు. అది నాకు ఇంకా చిరాకుగా ఉండింది.

మేం పోయేసరికి సభ్యురాళ్ళిద్దరూ రెడ్డెమ్మ వాకిట్లోనే ఉన్నారు. అధ్యక్షుడు అరవడానికి నోరు తెరిచాడు.

"అరవాకు" అంది రత్నమ్మ. "కమిటీలో ముగ్గురుంటే ఇద్దరం ఒప్పుకొంటిమి. నేనంటి, రెడ్డెమ్మ సరే ననె. మెజారిటీ గదా. నువ్వే సెప్పింటివి."

ఆయన నోరు మూసుకొని, షెడ్డు గడప బయటినుంచే లోపలికి తొంగిచూశాడు. మరో సందర్భమైతే నవ్వేవాణ్ణే.

"యాడ పెట్నావు?" అన్నాడు చివరికి రెడ్డెమ్మతో.

"యాడ సందుంటే ఆడ ఏసినా. పురుగు మీద పేరు రాసుంటాదా?"

నవ్వు రాకపోవడానికి కారణం ఆ షెడ్డు. రెడ్డెమ్మకు వెనకటి రెండు పంటలూ పాలరోగానికి పోయాయి. ఈ మూడోది చేతికొస్తేనే బోరు లోతు చేయించుకోగలదు, లేకపోతే ఎండాకాలానికి తోట ఎండిపోతుంది. పురుగు బాగుంది. ఇంకొన్ని రోజుల్లో గూళ్ళు కట్టేట్టు ఉంది. దాంట్లో ఇప్పుడు ఏది ఈయనదో, ఏది ఆమెదో ఎవరికీ తెలీదు.

"అంతా ఉడకబెట్టాల" అన్నాడు.

రెడ్డెమ్మ ఆయన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. ఆయన తలొంచుకొని విన్నాడు. నేను కూడా ఆమె పక్కనే మాట్లాడాను. "సార్, జీన్ మారిందో లేదో మీకే తెలీదంటిరి. మారిందనే నమ్మకం లేకుండా ఒకరి పంట మొత్తం చంపమంటారా? ఏ ఆర్డర్ మీద? నేనైతే ఇవ్వను" అన్నాను.

"తెలీదు గదప్పా. తెలిస్తే ఇంత భయమెందుకు? రేపు ఈ గూళ్ళు మార్కెట్టుకు పోతాయి. ఎవురో నాలుగు విత్తనానికి పెట్టుకుంటారు. ఆడనుంచి కోలారుకు పోతాయి, పలమనేరుకు పోతాయి. అప్పుడు దాంట్లో ఏదో చెడు బయటపడితే, యాడని వెతుకుతావు నువ్వు?"

తర్వాత రెడ్డెమ్మ వైపు తిరిగాడు. "నా షెడ్డులో మామూలు పురుగుండాది. నీదానికంటే ఒక పొద్దు ముందే ఉండాది. తట్టకు తట్ట తీసుకో. ఒక్కటి గూడా తక్కువ గాకుండా."

రత్నమ్మ ఆయన చెయ్యి పట్టుకొని వెనక్కి లాగింది. ఆ షెడ్డు వాళ్ళ ఇంటి పంట. పెన్షన్ లేని ప్రైవేటు కాలేజీ మనిషికి ఇంకేముంటుంది?

ఆ సాయంత్రమంతా ఊరి ఆడవాళ్ళు ఆయన షెడ్డులోంచి రెడ్డెమ్మ షెడ్డులోకి తట్టలు మోశారు. వీధి దాటిన ప్రతిసారీ సున్నం పళ్ళెంలో కాళ్ళు పెట్టమని ఆయన పోరు. "వీని సున్నం వీని నెత్తిన బొయ్య" అనుకుంటూనే వాళ్ళు పెట్టారు. రెడ్డెమ్మ పురుగుల్ని గంగాళంలో మరిగే నీళ్ళలో వేసి, గుంట తీసి, సున్నం వేసి పూడ్చారు. పట్టుపురుగును మా వైపు లక్ష్మి అంటారు. ఉడికిన పురుగుల వాసనకు ఎవరూ దగ్గర నిలబడలేకపోతే ఆయన ఒక్కడే కడదాకా నిలబడ్డాడు. నాకాపూట ఆయన మీద కోపమూ వచ్చింది, గౌరవమూ వచ్చింది. రెండూ కలిసి వస్తే ముందు కోపమే బయటికొస్తుంది. "ఇప్పుడు తృప్తిగా ఉండాదా సార్?" అన్నాను.

"రిపోర్టు రాయప్పా. నా కమిటీ తప్పు చేసిందని రాయి" అన్నాడు.

రాశాను. మా పరిధిలోని ఊరు కాదని వెనక్కి వచ్చింది.

అంత జరిగాక మానేస్తాడనుకున్నాను. ఫ్రిజ్జులో గుడ్లు ఇంకా ఉన్నాయి కదా. నేను పుంగనూరుకు వస్తే పుంగనూరుకు వచ్చాడు. చౌడేపల్లె రోడ్డులో ఎవరో కట్టేసిన పుంగనూరు ఆవును చూసి బస్సు దిగేవాడట. నడుమెత్తు కూడా లేని ఆ పొట్టి ఆవంటే ఆయనకు మహా ఇది. ఒకసారి అడిగాను. "దీన్ని ఇంత పొట్టి చేసింది మన తాతలే కదా సార్? పొట్టిదాన్ని పొట్టిదానికి కట్టి కట్టి చేశారు. వాళ్ళు ఎవర్ని పర్మిషన్ అడిగారు? మీకొక్కరికే ఎందుకీ పట్టుదల?"

"వాళ్ళది ఎద్దులబండి అప్పా. తప్పు దావలో పోతాంటే దిగి నడిచైనా ఆపచ్చు. నాది అట్ల గాదు. వాళ్ళు నూరేండ్లకు చేసింది నేను ఒక్క సూదితో చేస్తాండా. బ్రేకు నాకు గదా కావాల్సింది."

ఆ మాట బాగుంది. నేను ఒప్పుకున్నాను కూడా. ఒప్పుకుంటే ఏం లాభం, వెంటనే "అట్లయితే కాగితం యాడిదాకా వచ్చె?" అన్నాడు. బ్రేకు అమ్మే అంగడి ఎక్కడుందో నాకు తెలిస్తే కదా.

చివరిసారి వచ్చినప్పుడు మెట్లెక్కలేక కిందనే అరుగు మీద కూర్చున్నాడు. నేనే దిగి పోయాను. చెప్పులు మాత్రం విడిచే ఉన్నాడు.

"ఇంకా రాలేదా?"

"రాలేదు సార్. రాదు కూడా. ఎన్నిసార్లు చెప్పాలి?"

"వస్తాదప్పా. రూలు రాసినోళ్ళు దాన్ని సూసుకునేవాణ్ణి యాడో ఒకచోట పెట్టుండరా? మనకు కనబడలేదు, అంతే."

దేవుడి గురించి కూడా ఆయన అంత నమ్మకంగా మాట్లాడగా నేను వినలేదు.

రత్నమ్మ ఫోన్ చేసిన మర్నాడే పొద్దున్నే బయల్దేరి పలమనేరు మీదుగా పోయాను. వాకిట్లో రెడ్డెమ్మ అప్పటికే గంగాళం కింద మంట వేసి ఉంది. సున్నం పళ్ళెం షెడ్డు గడప దగ్గరే ఉంది గానీ ఎండి పగుళ్ళు బారింది. ఫ్రిజ్జులో పెరుగు గిన్నె పక్కన, మూత మీద టేపు వేసిన స్టీలు డబ్బా. రత్నమ్మ దాన్ని తెచ్చి నా చేతికివ్వకుండా ఒళ్ళో పెట్టుకుంది.

"రాసియ్యండి సారూ" అంది.

"ఏం రాయాలమ్మా?"

"చంపమని. నోటిమాటగా చంపొద్దన్నాడు."

నాకు ఆ అధికారం లేదు. ఎవరికి ఉందో ఇన్నేళ్ళూ వెతికినా దొరకలేదు. అయినా రాశాను. కమిటీ అధ్యక్షుడు మరణించినందువల్లా, మిగిలిన సభ్యులిద్దరూ ఒప్పుకున్నందువల్లా ఈ గుడ్లను నాశనం చేయడానికి అనుమతి ఇవ్వడమైనది అని రాసి, సంతకం పెట్టి, తేదీ వేశాను. రత్నమ్మ దాన్ని రెండుసార్లు చదువుకొని ఆయన ఫోటో వెనక పెట్టి, సున్నం తేవడానికి దొడ్లోకి పోయింది.

నీళ్ళు ఇంకా మరగలేదు. రెడ్డెమ్మ కట్టె ఎగదోస్తూ, నా వైపు చూడకుండా అంది.

"ఆ పొద్దు నేను అన్నీ ఇయ్యలా సారూ."

"ఏవి?"

"రత్నమ్మ పురుగులు తెచ్చిచ్చినప్పుడే ఒక తట్ట తీసి అటక మీద పెట్నా. పాలరోగం రాని పురుగంటాడు గదా, గుడ్లు పెట్టించుకుందామని. రెండు పంటలు పోయినదాన్ని, ఆశుండదా? మీరొచ్చి అంతా ఉడకబెడతాంటే గూడా సెప్పలా."

ఊరంతా తట్టలు మోసి, ఒక ఇంటి పంట ధారపోసి మూసిన తలుపుకు, అటక మీద ఇంత కంత.

"ఏమైనాయి అవి?"

"సచ్చిపాయ. గూడు కట్టకముందే. పాలు కారి, అన్నీ. ఒక్కటి మిగల్లా."

"ఆయనకు చెప్పలేదా? నువ్వు కమిటీ మెంబరువు కదమ్మా, చెప్పాల్సింది నువ్వే కదా" అన్నాను. గొంతు పెరిగింది.

"మెంబర్ని గాబట్టే సెప్పలా" అంది. "నాకోసరం ఇంటి పంట ఇచ్చేసినోడు. నీ పురుగు ఉత్తిది అని ఆయప్ప మొహం సూసి ఎట్ల సెప్పేది? దానిమీదనే గదా తిరుగుతాండె."

ఆయన ఇన్నేళ్ళూ నా ఆఫీసుల చుట్టూ తిరిగి అడిగిన ప్రశ్నకు జవాబు ఆయన ఎదురింటి అటక మీద ఉండింది. ఆయన తెల్లటి అడుగులేసుకుంటూ మదనపల్లెకు వస్తూ ఉన్నాడు. నాకు ఆమె మీద కోపం రావాలి. ఎవరి మీద రావాలో తెలీక మంట వైపు చూస్తూ కూర్చున్నాను. ఆయనే ఉండుంటే ఏమనేవాడో కూడా నాకు తెలుసు. ఒక తట్టతో ఏం తేల్తాది రెడ్డెమ్మా, అటక మీద బ్లీచింగ్ యాడుండాది, పక్కన మామూలు పురుగు పెట్టి సూసినావా, అని ఒక గంట క్లాసు పీకేవాడు.

రత్నమ్మ సున్నం బుట్టతో వచ్చింది. డబ్బా మూత తానే తీసి, గుడ్ల కాగితాలు ఒక్కొక్కటిగా నీళ్ళలోకి జారవిడిచింది. చివరి కాగితం చేతిలో పట్టుకొని ఆగింది.

"మంచి పురుగులేనా సారూ ఇవి? అన్నేండ్లు ఊరికే తిరిగుండడు గదా మీ సుట్టూ?"

రెడ్డెమ్మ కట్టె ఎగదోయడం మానేసింది.

"నాకు తెలీదమ్మా" అన్నాను. "పరీక్ష జరగలేదు."

ఆమె ఆ కాగితాన్నీ వదిలేసింది. గుంట తీసి పూడ్చాం. సున్నం తడిపి గుమ్మరించేటప్పుడు బుట్ట జారి సగం నా చెప్పుల చుట్టూ పడింది. రెడ్డెమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి కాళ్ళు కడుక్కోమంది. కడుక్కున్నాను.

పుంగనూరు ఆఫీసుకు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. కుర్చీలో కూర్చొని ఫ్యాన్ వేసుకున్నాక అటెండరు తలుపు దగ్గర ఆగి నేల వైపు చూశాడు. గడప నుంచి నా టేబుల్ దాకా తెల్లటి అడుగులు.

"ఆ గుడుపల్లె సార్ వచ్చినాడా సార్? నాకు కనబడలేదే" అన్నాడు చుట్టూ చూస్తూ. "ఆయన పర్మిషన్ సంగతి ఏమైనా తేలెనా?"

"ఇచ్చేసినా" అన్నాను. "ఈ పొద్దే, నేనే ఇచ్చొచ్చినా."